వట్టి చేతుల వేట

మా ఆయన మంగ్లుకి బాణం వేయడం ఎంత బాగా వచ్చో, ఆ సంగతి పదిమందికీ చెప్పుకోవడం అంతకంటే బాగా వచ్చు. నేను కాపురానికి వెళ్లిన కొత్తలో, కొత్త కోడల్ని చూద్దామని ఎవరు వచ్చినా తన మొదటి వేట దగ్గర్నుంచి ఎత్తుకునేవాడు. నేను అంబలి కాచి, అందరికీ పోసి, కుండలు కడుక్కుని వచ్చేసరికి కూడా ఆ కథలో అడవిపంది ఇంకా చచ్చేది కాదు. విని విని విసుగెత్తి పక్కకి తిరిగి పడుకునేదాన్ని. ఇప్పుడు ఆ కథ ఒక్కసారి వినిపిస్తే చాలునని ఉంటుంది.

మా ఊరు అనంతగిరికి పైన, కొండ వాలులో ఉండేది. ఊరి వెనక గెడ్డ, అంటే కొండవాగు, దానికి అటూ ఇటూ వెదురు, జీలుగు చెట్లు ఉండేవని చెప్పగా విన్నాను. నేను వెళ్లేనాటికి అక్కడ బొగ్గే మిగిలింది. ముందటి వేసవిలో సుక్రు మామ తన పోడు తగలబెట్టుకుంటుంటే గాలి తిరిగి, మంట గెడ్డ అడవిలోకి దూకిందట. జంతువులు కొండ దాటి వెళ్లిపోయాయి, నీళ్లు సన్నబడ్డాయి. సుక్రు మామని ఎవరూ ఒక్క మాట అనలేదు గాని, ఆయనే ఎవరి ముందూ తల ఎత్తేవాడు కాదు.

ఊరు కూడినప్పుడు మా అత్త యర్రమ్మ పట్టుబట్టింది. గెడ్డ అడవిని మనమే మళ్లీ పెంచుకుందాం, అది కోలుకునేదాకా అందులోకి గొడ్డలీ నిప్పూ బాణం ఏదీ వెళ్లకూడదంది. మా అత్త పట్టుబడితే కాదనే మొనగాడు ఊళ్లో ఎవడూ లేడు, ఆవిడ కొడుకుతో సహా. మన్యంలో తెల్లవాళ్ల మీద లేచిన పితూరీ అణిగి, కొండల్లో పోలీసుల తిరుగుడు తగ్గిన రోజులవి. పై నుంచి ఎవరూ పురమాయించలేదు, ఎవరూ కూలీ ఇవ్వలేదు. ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకుని పనిలో దిగాం.

మగవాళ్లు అవతలి కొండ నుంచి వెదురు దుంపలు తవ్వుకొచ్చి నాటేవారు. ఆడవాళ్లం సొరబుర్రలతో నీళ్లు మోసేవాళ్లం. ఎండలు ముదిరితే, పోడు మంట ఇటు దాటి రాకుండా గెడ్డ చుట్టూ ఎండుటాకులు ఊడ్చి బాట తీసేవాళ్లం. ఊడుస్తూ పాడుకున్న పాటల్లో సగం మొగుళ్లని తిట్టేవే. వయసులో ఉన్నాం, ఒళ్లు నొప్పి తెలిసేది కాదు. నా జీవితంలో అంత నవ్విన రోజులు మళ్లీ రాలేదు. మా ఆయన గెడ్డ మలుపులో బండ పక్కన ఒక వెదురు పొద నాటాడు. నా వంతు రోజున దానికి రెండు బుర్రలు ఎక్కువ పోయమని నా వెంట పడేవాడు. అడవిపంది కథకి తోడు ఇప్పుడు వెదురు కథ కూడా వినవలసి వచ్చింది.

కొన్ని వానాకాలాలు గడిచాక గెడ్డ పచ్చబడింది. ముందు అడవికోళ్లు వచ్చాయి. ఒక పొద్దున్న తడి మట్టిలో కణుజు గిట్టల గుర్తులు కనిపించాయి. దుప్పికంటే పెద్ద జంతువు అది, మంట తరవాత ఆ చుట్టుపక్కల ఎవరి కంటా పడలేదు. పెళ్లికూతుర్ని చూడ్డానికి వెళ్లినట్టు ఊరంతా కదిలి వెళ్లి ఆ గుర్తులు చూశాం. సుక్రు మామ వాటి పక్కన గొంతుక్కూర్చుని ఏడ్చాడు.

ఆ ఏడు చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. ఆ పండుగకి మగవాళ్లు వేటకి వెళ్లాలి. వాళ్లు తెచ్చిన జంతువు నెత్తురు విత్తనాల గంపలో చిలకరించాకే విత్తడం. చివరి రోజు సాయంత్రానికి వట్టి చేతులతో వచ్చినవాణ్ణి ఊరి మొదట్లోనే ఆడవాళ్లు నిలేసి, నోటికొచ్చినట్టు తిట్టి, పేడనీళ్లు కుమ్మరిస్తారు. పెళ్లయినవాడైతే మొదటి కుండ పెళ్లాందే. మా ఆయన మీద అంతవరకు చుక్క పడలేదు. ఆ మాటా రోజూ చెప్పుకునేవాడే.

ఆ ఏడు అవతలి కొండ ఎంత గాలించినా కుందేలు కూడా దొరకలేదు. చివరి రోజు పొద్దున మా ఆయన ఇంటికి వచ్చి మంచి బాణాలు ఏరుకుంటుంటే నాకు అర్థమైంది. విత్తనానికి నెత్తురు కావాలి కదా, ఒక్క కణుజుతో గెడ్డకి ఏం పోతుందన్నాడు. మా అత్త గుమ్మంలో చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. చేట ఆపకుండానే, నాటినోడివి నువ్వే, నీ ఇష్టం అంది. అంతకంటే తిట్టినా బాగుండేది. ఒక్క బాణం గెడ్డలోకి వెళితే మర్నాటికి ఊళ్లో ఉన్న బాణాలన్నీ వెళతాయి. ఇన్నాళ్ల మా చాకిరీ మట్టిపాలవుతుంది. అది తెలిసి కూడా నేను అడ్డం పడలేదు. నెత్తురు లేని విత్తనం మొలవదేమో అని భయం, నా మొగుడు నలుగురిలో తలవంచుకోకూడదని పంతం, రెండూ నా లోపల కొట్టుకుంటున్నాయి.

పొద్దు వాలేవేళకి కుండలతో ఊరి మొదట్లో నిలబడ్డాం. మిగతా మగవాళ్లు ముందు వచ్చారు. తిట్లు తిన్నారు, తడిసి నవ్వుకుంటూ పక్కన నిలబడ్డారు. ఆఖర్న మా ఆయన వచ్చాడు. భుజం మీద విల్లు తప్ప ఏమీ లేదు. తిట్టడానికి నోరు తెరిచిన ఆడది ఒక్కతీ లేదు. నేరుగా నా ముందుకొచ్చి ఆగాడు.

"కనిపించింది కనకా. నేను నాటిన ఎదురు కాడే నిలబడి లేత పిలకలు మేత్తంది, పక్కన దాని పిల్ల కూడా ఉంది. బాణం ఎక్కుపెట్టాను కూడాను. మన సేత్తో పెట్టిన కూడు తింటన్నదాన్ని ఎలగ కొట్టీడం?"

నాకు కుండ లేవలేదు. పొయ్యకుండా వదిలేద్దామా అన్నట్టు మా అత్త వైపు చూశాను.

"అటేటి సూత్తన్నావు? నిండుగా పొయ్యి. నామీదే పడ్డాక గెడ్డలోకెళ్లడానికి ఇంకెవుడికీ సాకుండదు" అన్నాడు మా ఆయన.

పోశాను. నెత్తి మీంచి పాదాల దాకా, ఒక్క చుక్క మిగల్చకుండా. కళ్లు మూసుకుని, పండుగ స్నానం చేసేవాడిలా కదలకుండా నిలబడ్డాడు. అతన్ని చూసి అంత మోజు పడిన రోజు నాకు ఇంకొకటి లేదు.

పూజారి మాత్రం నసిగాడు. విత్తనాల మాట ఏమిటి, నెత్తురు లేకుండా గంప ఎలా ఎత్తేదన్నాడు. అందరి మొహాలూ వాడిపోయాయి. అప్పుడు మా అత్త నోట్లో చుట్ట తీసి పక్కన పడేసి, విత్తనాల గంప చంకన పెట్టుకుని వచ్చి, కొడుకు మోచేతుల కింద పట్టింది. అతని ఒంటి మీంచి కారే పేడనీళ్లు చోళ్ల మీద, సామల మీద బొట్లు బొట్లుగా పడ్డాయి.

"ఏటకెళ్లినోడు తెచ్చిందే కదా ఇత్తనానికి. ఈ ఏడు నా కొడుకు తెచ్చిందిదే" అంది.

పూజారి వచ్చి గంప రెండో అంచు పట్టుకున్నాడు.

ఆ ఏడు పంట విరగపండిందంటే అబద్ధం. ఎప్పటిలాగే పండింది. పైగా కోతల ముందు ఆ కణుజూ దాని పిల్లా వచ్చి మా చోడిచేనే సగం మేశాయి. ఊరు ఊరంతా నవ్వింది, మా ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు. తరవాతి ఏళ్లలో ఇటుకల పండుగకి మగవాళ్లు తమంతట తామే వట్టి చేతులతో వచ్చి వరసగా నిలబడేవారు. తడవకుండా తప్పించుకున్నవాణ్ణి ఊళ్లో పిల్లలు కూడా ఏడిపించేవారు.

పిల్లలు పుట్టిన కొన్నేళ్లకి చలిజ్వరం మా ఆయన్ని తీసుకుపోయింది. అడవిపంది కథ నా పిల్లలకి నేనే చెప్పాను, అతనంత గొప్పగా రాలేదు. ఇప్పుడు కొండ దిగువన కూతురి దగ్గర ఉంటున్నాను. ఇంట్లో ఎవరూ లేవకముందే లేచి, వాకిట్లో కల్లాపికి నేనే పేడ కలుపుతాను. ఈ వయసులో నీకెందుకే అమ్మా అని కూతురు కసురుతుంది. మనవరాళ్లు ముక్కు మూసుకుని పరిగెడతారు. ఆ వాసన తగిలితే నా మొగుడు ఎదురుగా వచ్చి నిలబడతాడని వాళ్లకి ఎలా చెప్పను?