ఏడో నంబరు నుంచి నొక్కులు

మధ్యాహ్నం 12.34కి ఏడో నంబరు సెట్ నుంచి మూడు నొక్కులు వచ్చాయి. మాట రాలేదు.

చేతిలో పట్టుకునే రేడియో సెట్‌కు పక్కన ఒక బటన్ ఉంటుంది. నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. మాట్లాడకుండా నొక్కి వదిలేస్తే అవతలివాళ్లకు టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఆ చప్పుడే మూడుసార్లు వచ్చింది. ఫైర్ స్టేషన్ పై అంతస్తు గదిలో కంట్రోల్ సీట్లో ఉన్నామె రిజిస్టర్‌లో టైమ్ రాసింది, పక్కన 7 వేసింది.

ఆ రోజు ఉదయం 7.50కి సబ్‌స్టేషన్‌లోకి వాననీళ్లు చేరి కరెంటు పోయింది. తొమ్మిదింపావుకు సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయాయి. అక్కడి నుంచి ఊళ్లో ఒకచోటి మాట ఇంకోచోటికి చేరడానికి పదకొండు మంది దగ్గరున్న పదకొండు సెట్లే దిక్కయ్యాయి. వాళ్లెవరికీ ఇది ఉద్యోగం కాదు. పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకుని, సొంత డబ్బుతో సెట్లు కొనుక్కుని, ఆదివారాలు సాధన చేసే రేడియో క్లబ్ సభ్యులు. వాళ్ల ఇళ్లల్లో ఆ క్లబ్బుకు పెట్టిన పేరు 'హలో బ్యాచ్'.

కంట్రోల్ సీట్లో ఉన్నామె లేడీస్ టైలర్. ఎవరు మాట్లాడాలన్నా ముందు ఆమెను అడగాలి. పక్క స్టూలు మీద ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే మెకానిక్. అతన్ని అందరూ ఫ్యాను డాక్టర్ అంటారు. కారు బ్యాటరీ మీద సెట్ నడిచేలా చూసుకోవడం అతని పని.

ఏడో నంబరు టైలర్ అత్తగారు. అరవై ఏడేళ్లు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేటర్‌గా చేసి రిటైరైంది. కోడలికి రేడియో నేర్పింది ఆవిడే. మొదటి రోజే ఒక నియమం పెట్టింది. సెట్ పట్టుకున్నాక అత్తా లేదు, కోడలూ లేదు, నంబర్లే. చుట్టరికాలు కలుపుకుంటూ కూర్చుంటే ఛానల్ పెళ్లిపందిరి అవుతుందని ఆవిడ లెక్క. వంటగదిలో రోజూ ఏదో ఒకదాని మీద మాటా మాటా అనుకునే ఆ ఇద్దరూ సెట్ మీద ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ నియమం తప్పలేదు.

ప్రాజెక్టు గేట్లు 1.30కి ఎత్తాలని నిర్ణయమైంది. గేట్లు ఎత్తిన ఇరవై నిమిషాలకు నీళ్లు దిగువ కాలనీని ముంచుతాయి. మూడు వరుసలు, వరుసకు పన్నెండు ఇళ్లు, ఒకప్పటి ఎక్స్ఛేంజ్ క్వార్టర్స్. అత్తగారు అక్కడ ఇరవై రెండేళ్లు ఉంది. పోలీసు కొడితే తలుపు తీయనివాళ్లు తను కొడితే తీస్తారని చెప్పి పొద్దున కానిస్టేబుల్‌తో కలిసి వెళ్లింది. 12.21కి ఆవిడ గొంతు సెట్‌లో వచ్చింది. కాలనీ ఖాళీ అయిందని, కానిస్టేబుల్ ఆఖరి ట్రాక్టర్‌లో వెళ్లాడని, తను ఒకసారి చూసుకుని గట్టు మెట్లెక్కి వస్తానని, పదిహేను నిమిషాలు పడుతుందని చెప్పింది. కంట్రోల్ ఆలస్యం చేయొద్దంది.

"నాకు గడియారం చూడటం వచ్చు, కంట్రోల్."

అది ఆవిడ చివరి మాట. తర్వాత వచ్చినవి ఈ మూడు నొక్కులు.

టైలర్ బటన్ నొక్కింది. మాట రావడం లేదని, తను చెప్పేది వినిపిస్తుంటే ఒకసారి నొక్కమని చెప్పింది. ఒక నొక్కు వచ్చింది. ఇలాంటప్పుడు ఏం చేయాలో క్లబ్బులో అందరికీ తెలుసు. ఒక నొక్కు అవును, రెండు నొక్కులు కాదు.

బ్యాటరీ తగ్గిందా? రెండు నొక్కులు. సెట్ నీళ్లల్లో పడిందా? రెండు. మైకు దగ్గర తడి ఉందా? రెండు. యాంటెన్నా వదులైందా? రెండు.

"ఇరవై ఏళ్ల నుంచి రిపేర్లు చేస్తున్నా అక్కా," అన్నాడు ఫ్యాను డాక్టర్. "అన్నీ బాగున్న వస్తువు నా షాపుకు ఎప్పుడూ రాలేదు. ఏదో ఒకటి పోయే ఉంటుంది. పెద్దమ్మకు తెలియడం లేదు."

బ్యాటరీ చివరికొచ్చినా డిస్‌ప్లేలో నిండుగానే చూపిస్తుందని, నొక్కు వరకు సరిపోతుంది కానీ మాటకు సరిపోదని చెప్పాడు. ఆవిడ నడుముకు కట్టుకున్న సంచిలో ఇంకో బ్యాటరీ ఉంది. దాన్ని మార్చమని చెప్పమన్నాడు. 12.41కి కంట్రోల్ ఆ మాట చెప్పింది. ఒక నొక్కు వచ్చింది, సరేనని.

తర్వాత ఏమీ రాలేదు.

ఆసుపత్రిలో ఉన్న నాలుగో నంబరు జనరేటర్‌కు డీజిల్ అడిగింది. కంట్రోల్ రాసుకుని పెట్రోల్ బంకు దగ్గరున్న తొమ్మిదికి చెప్పింది. ప్రాజెక్టు మీదున్న మూడో నంబరు నీటిమట్టం చెప్పాడు. రాసుకుంది. మధ్యమధ్యలో ఏడును పిలిచింది. జవాబు లేదు. ఫ్యాను డాక్టర్ రెండుసార్లు గోడ గడియారం చూశాడు, తర్వాత చూడటం మానేశాడు.

12.47కి ఒక నొక్కు వచ్చింది.

"చెప్పానా, బ్యాటరీయే," అన్నాడతను. "ఇప్పుడు మాట్లాడమను."

మాట్లాడమంది. ఈసారి నొక్కి ఉంచిన బటన్ నాలుగు సెకన్లు వదల్లేదు. ఆ నాలుగు సెకన్లలో రేకుల మీద వాన పడుతున్న చప్పుడు గదిలోని ఇద్దరికీ వినిపించింది. దాని వెనక ఊపిరి తీస్తున్న చప్పుడు. బటన్ వదిలాక మామూలు హోరు.

టైలర్ పెన్సిల్ కింద పెట్టింది. వాన వినిపించిందంటే మైకు బాగానే ఉంది. ఇంకో సంగతి, బ్యాటరీ మార్చడానికి ఆరు నిమిషాలు పట్టింది. అత్తగారు ఆదివారాల సాధనలో కళ్లకు గుడ్డ కట్టి అందరిచేతా బ్యాటరీ మార్పించేది. ఇరవై సెకన్లు దాటితే మళ్లీ మొదటి నుంచి చేయమనేది. ఆవిడ సొంత లెక్క పద్నాలుగు సెకన్లు.

బటన్ నొక్కింది.

"అత్తయ్యా."

ఫ్యాను డాక్టర్ తల ఎత్తాడు. ఛానల్ మీద మిగతా తొమ్మిది మందీ విన్నారు.

"సెట్ బాగానే ఉంది. నీకే మాట రావడం లేదు. అంతేనా?"

ఒక నొక్కు.

"కుడి చెయ్యి లేస్తోందా?"

రెండు నొక్కులు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య మూడు సెకన్లు.

12.50. రిజిస్టర్‌లో రాసింది: 7, మాట లేదు, కుడి చెయ్యి లేదు.

"పక్షవాతం," అన్నాడు ఫ్యాను డాక్టర్. "అక్కా, ఒక్క చేత్తో ఆవిడ చేత నేను బ్యాటరీ..."

"అది తర్వాత. కిందికెళ్లి ఫైర్ లారీ ఎక్కడుందో అడుగు."

ఫైర్ ఆఫీసరే పైకి వచ్చాడు. లారీ వంతెన దగ్గరుంది. కాలనీకి పన్నెండు నిమిషాలు. దాని మీద అయిదుగురు మనుషులున్నారు. ముప్పై ఆరు ఇళ్లు వెతికే వ్యవధి లేదని, ఇల్లు తెలియకుండా గట్టు కిందికి దింపలేనని చెప్పాడు.

"ఇంటి నంబరు చెప్పండి, వెళ్తాం. కాలనీ అని చెబితే వెళ్లలేం. ఆ అయిదుగురికీ ఇళ్లున్నాయమ్మా."

ప్రాజెక్టు ఇంజనీర్‌ను ఎంతసేపు ఆపగలరని అడిగితే మూడో నంబరు ద్వారా జవాబొచ్చింది. 1.45 వరకు. అది దాటితే గేట్లు తను ఎత్తక్కర్లేదని, నీళ్లే కట్ట మీంచి వస్తాయని.

కంట్రోల్ మొదలుపెట్టింది. ఒకటో వరుసా? రెండు నొక్కులు. రెండో వరుసా? చాలాసేపటికి రెండు నొక్కులు. మూడో వరుసా? ఒకటి.

ఒకటి నుంచి ఆరు ఇళ్ల లోపా? ఒకటి.

ఒకటి నుంచి మూడు లోపా? ఒక నొక్కు, ఆగి ఇంకొకటి, ఆగి ఇంకొకటి. మూడు నొక్కులకు క్లబ్బులో అర్థం లేదు. మళ్లీ అడగమన్నాడు ఫ్యాను డాక్టర్. ఆమె అడగలేదు. ఆవిడ ఎడమ చెయ్యి అలిసిపోతోందని, ఇంకెన్ని నొక్కులు మిగిలాయో తెలియదని చెప్పింది. సగం, సగంలో సగం అంటూ పోతే ఇంకా రెండు మూడు ప్రశ్నలు. అన్నిటికీ జవాబు వస్తుందన్న నమ్మకం లేదు.

అప్పుడు లెక్క వదిలేసి అడిగింది. పెళ్లయి వచ్చిన మొదటి నాలుగేళ్లు ఆమె కూడా ఆ కాలనీలోనే కాపురం చేసింది.

"అత్తయ్యా, మన పాత ఇల్లా?"

గదిలో గడియారం చప్పుడు వినిపించేంతసేపు గడిచింది. ఒక నొక్కు వచ్చింది. దాని తర్వాత రెండోది వస్తుందేమోనని అరనిమిషం చూశారు. రాలేదు. 1.01.

ఏ సందేశమైనా తిరిగి చెప్పించుకుని సరిచూసుకోవాలి. క్లబ్బులో అది మొదటి పాఠం. మూడో వరుస, అయిదో ఇల్లు, అవునంటే ఇంకోసారి నొక్కమని అడిగింది. జవాబు లేదు. ఇంకోసారి అడిగింది. లేదు.

ఆఫీసర్ ఖాయమేనా అని అడిగాడు.

ఖాయమని చెబితే లారీ కదులుతుంది. ఆమె రిజిస్టర్ చూసింది.

"ఒక్కసారి అవునంది. సరిచూసుకుందామని రెండుసార్లు అడిగాను, పలకలేదు. నా దగ్గరున్నది ఇంతే."

ఆఫీసర్ రిజిస్టర్‌లోని ఆ లైన్ చదివాడు. అక్కడ పది నిమిషాలు ఉంటామని, దొరక్కపోతే తిరిగొచ్చేస్తామని, అప్పుడు ఆమె అడ్డుపడకూడదని చెప్పాడు. ఆమె సరేనంది. లారీ మీద సెట్ పట్టుకుని ఉన్న అయిదో నంబరు సభ్యుడికి 1.04కి ఇల్లు చెప్పారు.

ఆ తర్వాత ప్రతి రెండు నిమిషాలకు ఆమె ఏడును పిలిచింది. ప్రశ్నలు అడగలేదు.

"లారీ వంతెన దాటింది. నొక్కక్కర్లేదు, వింటే చాలు."

"లారీ మార్కెట్ దగ్గరుంది. నొక్కొద్దు."

1.16కి లారీ కాలనీలో ఆగింది. మోకాళ్ల లోతు నీళ్లు ఉన్నాయని అయిదో నంబరు చెప్పాడు. 1.19కి మళ్లీ పిలిచాడు.

"కంట్రోల్, అయిదో ఇంటికి బయట తాళం ఉంది. కిటికీలోంచి చూశాం. లోపల ఎవరూ లేరు. పక్క ఇంటికీ తాళమే. రెండో వరుసలో వెతకమంటారా?"

ఫ్యాను డాక్టర్ ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు తాళం వేసుకుని వెళ్లారు, నిజమే. అత్తగారి దగ్గర తాళంచెవి ఉండదు. లోపల ఉండే అవకాశమే లేదు. లారీ వాళ్లు అనుమతి అడుగుతున్నారు, వెనక్కి రావడానికి కాదు, రెండో వరుసలో వెతకడానికి. రెండో వరుస కాదని ఆవిడే చెప్పింది. 12.47కి నాలుగు సెకన్లు వినిపించింది రేకుల మీద వాన. ఆ క్వార్టర్స్ పైకప్పులన్నీ సిమెంటు శ్లాబులు.

"అయిదూ, ఇంటి వెనక్కి వెళ్లండి. పక్క సందులోంచి దారి ఉంటుంది. వెనక గోడకు ఆనించి బట్టలుతికే చోటుంది, దాని మీద రేకు ఉంటుంది. ఆ కింద చూడండి."

అయిదో నంబరు సందులో చెత్త అడ్డం పడిందని, తీస్తున్నారని చెప్పాడు. 1.22. 1.23. 1.24కి ఆసుపత్రి నాలుగో నంబరు ఏదో అడగబోయింది. కంట్రోల్ ఆగమంది. ఆ రోజు ఆమె ఎవరినైనా ఆగమనడం అదే మొదలు.

1.25కి అయిదో నంబరు మాట వచ్చింది. ఆవిడ రేకు కింద, ఉతికే బండకు ఆనుకుని కూర్చుని ఉంది. నీళ్లు నడుము దాకా వచ్చాయి. కళ్లు తెరిచి ఉన్నాయి. సెట్‌ను ఎడమ చేత్తో భుజం మీదికి ఎత్తి పట్టుకుంది, తడవకుండా. వేళ్లు విడదీసి తీసుకోవాల్సి వచ్చింది.

ఫ్యాను డాక్టర్ బయట వరండాలోకి వెళ్లి కాసేపు ఉండి వచ్చాడు. టైలర్ నాలుగో నంబరును పిలిచి ఇప్పుడు చెప్పమంది. డీజిల్ ఇంకా రాలేదని ఫిర్యాదు. తొమ్మిదికి చెప్పి ఇంకోసారి పురమాయించింది.

1.37కి లారీ గట్టెక్కింది. 1.44కి ఇంజనీర్ గేట్లు ఎత్తించాడు. 2.03కి నీళ్లు మూడో వరుసలో కిటికీల మట్టానికి వచ్చాయని గట్టు మీదున్న పదో నంబరు చెప్పింది.

2.11కి ఆసుపత్రి నుంచి నాలుగో నంబరు డాక్టర్ ప్రశ్న పంపింది. మెదడులో రక్తం గడ్డకట్టింది. కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ మొదలై నాలుగున్నర గంటలు దాటితే ఇవ్వకూడదు. పేషెంట్ చెప్పే స్థితిలో లేదు. చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో ఇంట్లోవాళ్లు ఎవరైనా కచ్చితంగా చెప్పాలి.

"ఇంట్లోవాళ్లు అంటే నేనే," అంది కంట్రోల్. "12.21కి నాతో మాట్లాడింది. మాట బాగానే ఉంది. నన్ను దెప్పింది కూడా. 12.34కి మాట లేదు."

నాలుగో నంబరు రెండు టైములూ తిరిగి చెప్పింది. కంట్రోల్ సరేనంది.

ఇంజెక్షన్ 2.38కి మొదలైంది. సాయంత్రం 5.15కి నాలుగో నంబరు పంపిన సందేశాన్ని ఫ్యాను డాక్టర్ రాసుకున్నాడు, అప్పటికి కంట్రోల్ సీట్లో అతనున్నాడు. పేషెంట్ మెలకువగా ఉంది. పిలిస్తే చూస్తోంది. కుడి కాలి వేళ్లు కదిలాయి. చెయ్యి ఇంకా కదల్లేదు.