దొంగ అడిగిన ప్రశ్నలు

మా ఆయన పరుపుల షాపులో సేల్స్‌మన్. పెళ్లయి ఆరు వారాలే కాబట్టి "మా ఆయన" అని రాయడం నాకింకా సరదాగానే ఉంది. అవసరం లేని చోట కూడా రాస్తాను.

ఆయన మొదట్లో గోడౌన్ మనిషి. లారీతో పాటు ఊళ్లు తిరిగి పరుపులు దించి వచ్చేవాడు. పెళ్లి కుదిరాక ఓనరు గారిని బతిమాలి షాపులోకి మారాడు. ఓనరు గారు మూడు నెలలు గడువిచ్చారు. మొన్న శనివారం ఆ గడువుకి ఆఖరి రోజు. ఆ లోపు ఎవరి సాయం లేకుండా ఒక్క డబుల్ పరుపు అమ్మాలి, లేకపోతే మళ్లీ లారీ ఎక్కాలి. లారీ ఎక్కితే వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు.

దిండ్లు అమ్మాడు, దుప్పట్లు అమ్మాడు. పరుపు దగ్గరకొచ్చేసరికి మాత్రం నోరు ఆగదు. స్ప్రింగులెన్ని, ఫోమ్ మందమెంత, గ్యారంటీ ఎన్నేళ్లు, అన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతాడు. అదీ పరుపు మీద నడుం వాల్చిన వాళ్ల నెత్తిన నిలబడి. వాళ్లు సిగ్గుపడి లేచి చెప్పులేసుకుంటారు.

మంగళవారం షాపుకి సెలవు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే కుర్చీలో ఇరుక్కుని ల్యాప్‌టాప్‌లో ఒక కామెడీ సినిమా చూశాం. కథ చిన్నదే. ఒక దొంగ ఫర్నిచర్ షాపులో దూరి, తెల్లారే దాకా నిద్రపోయి, జనం వచ్చేసరికి తనే సేల్స్‌మన్‌నని బుకాయిస్తాడు. వచ్చినవాళ్లని ఎలాగోలా పంపించేయాలని "ఈ కుర్చీ కిర్రుమంటుందండీ, కొనకండి" అంటాడు. వాళ్లు అదే కొంటారు. సాయంత్రానికి షాపు ఖాళీ.

నేను కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతుంటే మా ఆయన సినిమా ఆపి పెన్ను వెతుకుతున్నాడు.

"మనం నవ్వడానికి చూస్తున్నామా, పరీక్షకి చదువుతున్నామా?" అన్నాను.

"దొరికిందే! వద్దంటే కొంటారు."

"బాబూ, అది సినిమా."

"అందులో వాడు బల్లలు కూడా అమ్మేశాడు, చూశావుగా."

బుధవారం ఒకాయన ఖరీదైన పరుపు చూస్తుంటే మా ఆయన దగ్గరికెళ్లి, "ఇది కొనకండి సార్, నడుం పట్టేస్తుంది" అన్నాడట. ఆయన చేతులు జోడించి, "దేవుడిలా చెప్పావయ్యా" అని ఎదురు షాపుకి వెళ్లిపోయాడట. కాసేపటికి ఆ షాపులోంచి పరుపొకటి ఆటో ఎక్కింది. ఓనరు గారు గుమ్మంలో నిలబడి అంతా చూశారు.

"తిట్టారా?"

"లేదు. లారీ డ్రైవర్‌కి ఫోన్ చేసి, క్లీనర్ సీటు ఖాళీగా ఉందా అని అడిగారు."

ఆ రాత్రి ఏమీ తోచక ఆ సినిమానే మళ్లీ పెట్టాను. నవ్వు రాకపోతే సినిమా స్పష్టంగా కనిపిస్తుంది. దొంగ "కొనకండి" అనే మాట మొత్తం మీద మూడుసార్లే అంటాడు. మిగతా సేపంతా ప్రశ్నలే. మీ ఇల్లెక్కడ? ఎంతమంది ఉంటారు? ఎవరు ఏ గదిలో పడుకుంటారు? పొద్దున్నే ముందు లేచేదెవరు?

"వీడు అమ్మడానికి అడగట్లేదు. వాళ్ల ఇంటికి కన్నం వేద్దామని అడుగుతున్నాడు!" అన్నాను.

మా ఆయన ముందుకు వంగాడు. తెర మీద ముసలావిడ ఒకతె దొంగకి తన ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటోంది. వాడు బుగ్గన చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. వాడికి ఆ వివరాలు నిజంగానే కావాలి మరి.

"నేను ఎవర్నీ ఏమీ అడగలేదే," అన్నాడు మా ఆయన మెల్లగా.

"నన్ను అడుగు. నేను కస్టమర్‌ని."

గొంతు సవరించుకున్నాడు. "రండి మేడమ్. మీరు ఏ వైపు పడుకుంటారు?"

"కిటికీ వైపు."

"నిద్ర బాగా పడుతుందా?"

ఆటకే మొదలుపెట్టాను గానీ జవాబు నిజమే వచ్చింది. "లేదండీ. తెల్లవారకముందే వెలుగు మొహం మీద పడుతుంది. కొత్త కోడల్ని కదా, చెప్పలేదు."

అతను సేల్స్‌మన్ మొహం తీసేశాడు. "ఆరు వారాల నుంచా?"

"ఆరు వారాల నుంచే."

అప్పటికప్పుడు లేచి దిండ్లు అటూ ఇటూ మార్చేసి, కిటికీ వైపు తను తీసుకున్నాడు. ఆ తర్వాత నేను ఎనిమిది దాకా నిద్రపోతున్నాను. ఇది కథకి అవసరం లేదు, అయినా చెప్పాలనిపించింది.

శనివారం అన్నం క్యారేజీ తీసుకెళ్లి షాపులో దిండ్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నాలుగింటికి ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఆవిడ భర్త వచ్చారు. డబుల్ కావాలన్నారు. మా ఆయన ఒక్క స్ప్రింగు పేరెత్తలేదు.

"అమ్మా, ఇద్దరిలో ముందు లేచేదెవరండీ?"

"ముందేమిటి నాయనా, ఈయన రాత్రంతా లేస్తూనే ఉంటారు. నాలుగుసార్లు. లేచినప్పుడల్లా పరుపు ఊగి నాకూ మెలకువే."

"నేనేం కావాలని లేస్తానా?" అన్నాడాయన.

"మిమ్మల్నెవరన్నారు? పరుపునంటున్నాను."

మా ఆయన వింటున్నాడు. చాలాసేపు విన్నాడు. జవాబు అతనికి తెలిసిపోయిందని నాకు దూరం నుంచే అర్థమైంది. ఆ జవాబు చెబితే ఏమవుతుందో కూడా తెలుసు.

"మీకు డబుల్ వద్దమ్మా. రెండు సింగిల్స్ తీసుకుని పక్కపక్కన వేసుకోండి. బాబాయిగారు లేచినా మీది కదలదు."

ఇద్దరూ చెరో సింగిల్ మీద పడుకుని చూశారు. ఆయన నాలుగుసార్లు లేచి కూర్చున్నాడు. ఆవిడ కళ్లు మూసుకునే, "లేచారా?" అని అడిగింది. రెండూ తీసుకున్నారు.

ఆవిడ అడ్రసు రాస్తుంటే ఓనరు గారు మా ఆయన పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "డబుల్ అమ్మమన్నాను కదయ్యా."

"అవునండీ. వాళ్లకి అక్కర్లేదండీ."

"మాట మాటే కదా?"

"మాట మాటేనండీ," అన్నాడు మా ఆయన. వాదించలేదు.

టీచరమ్మ కాగితం మీంచి తలెత్తింది. "ఏమండీ, వచ్చే వారం మా అమ్మాయీ అల్లుడూ వస్తారు. వాళ్లకీ కావాలి. ఈ అబ్బాయి ఉంటాడా? వేరేవాళ్లైతే వద్దు, బుర్ర తినేస్తారు."

ఓనరు గారు మా ఆయన్ని చూశారు. లారీ నిలబడిన సందు వైపు చూశారు. తర్వాత పొడిగా, "ఉంటాడమ్మా, ఇక్కడే ఉంటాడు," అన్నారు.