కొండకు మొక్కిన నిప్పు

బిడ్డ పుడితే కొండకు నిప్పు పెడతామని మొక్కుకోవడం మా పక్క ఉంది. ఆ నిప్పును అహోబిలం నరసింహస్వామి నిజంగా ఒప్పుకుంటాడా అన్న అనుమానం నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. గడ్డిలో గుడ్లు పొదిగే పిట్టకూ ఆయనే కదా దేవుడు? పూజారిని అడిగితే పెద్దల ఆచారం అన్నాడు. కొట్టు నడుపుకునేవాణ్ణి, అంతకు మించి అడగలేదు.

మా తమ్ముని కూతురు పద్మప్రియ అడిగింది. కడపలో బొమ్మలు గీయడం నేర్చుకుని వచ్చి, కాలిన కొండ మీది బొగ్గుతోనే ఊరి గోడల నిండా పాత అడవిని గీసింది. ఆ కొండ వాలులోనే నేరేడు, నల్లమద్ది మొక్కలు నాటి, కింది బోరు నుంచి పైపు లాగించింది. ఒక సినిమా కూడా తీసింది. ఎండలు ముదిరే వేళకు, ఒక సాయంత్రం మా కొట్టు గోడకు తెల్లపంచె కట్టి ఊరందరికీ చూపించింది.

సినిమాలో కొండ అంటుకుంది. పొగలోంచి ఒంటికి నిప్పంటిన కుందేలు పరుగెత్తుకొచ్చి, రాయికి కొట్టుకుని పడిపోయింది. ఆ వెంటనే, అగ్గిపెట్టె పట్టుకుని దండం పెడుతున్న మనిషి ముఖం. గొర్లు కాసే ఓబులేషు. కొడుకు పుట్టిన మొక్కు పోయినేడు తీర్చుకుంటుంటే ఆ పిల్ల ఫోనులో పట్టింది. ముఖం చూపకూడదని దానికి తోచలేదు.

ముందు వరుసలో ఎవరో నవ్వారు. "ఏమప్పా ఓబులేషూ, హీరో అయిపోతివే. కుందేలు హీరోయినా?"

ఊరంతా నవ్వింది. ఓబులేషు లేచి, ఎప్పుడూ వెంట ఉండే గొడ్డలితో పంచెను నిలువునా చీల్చాడు. అడ్డం పోయిన పద్మప్రియ కుడిచేతి మీద గొడ్డలి తిప్పి కర్ర కామతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

"నా కొడుకు మొక్కును నవ్వులాట చేస్తివి కదే" అని, కొండ దారి పట్టాడు.

నేను కర్ర తీసుకుని వెనకే పోయాను. అప్పటికే పైపును ముక్కలు నరికి, నీళ్ల డ్రమ్ము పగలగొట్టి, మొక్కలను తొక్కుతున్నాడు. వెనక నుంచి తల మీద కొట్టాను. మనిషిని కొట్టడం నాకదే మొదలు. నెత్తురు కారుతుండగానే తిరిగి నా గొంతు పట్టుకున్నాడు. ఇద్దరం రాళ్ల మీద దొర్లాము. నా పన్ను ఊడింది. నేను అతని చెవి కొరికాను. ఊపిరాడక నేనూ, నొప్పికి అతనూ అరిచింది ఒకే పేరు, నరసింహా అని. ఎవరి పిలుపు ఆయనకు చేరిందో తెలియదు. ఊరివాళ్లు వచ్చి విడదీశారు.

కేసు పెడతానన్నాను. మరునాడు పద్మప్రియ చేతికి కట్టుతో వచ్చి, కేసు తర్వాత పెదనాయనా, మొక్కలు వాడిపోతున్నాయి అంది. కొత్త పైపు వచ్చేలోగా అవి మిగలవు. ఓబులేషు వాళ్లకు భయపడి ఎవరూ నీళ్లు మోయడానికి రాలేదు. ఆ పిల్ల ఎడమచేత్తో చెంబు చెంబు పోస్తుంటే, మెడ తిప్పలేని నేను ఒక బిందె మోసుకుంటూ పోయాను. ఆకులు వేలాడిపోతూనే ఉన్నాయి.

మరుసటి పొద్దున కొండెక్కుతూ ఓబులేషు తల్లి హనుమంతమ్మ కనబడింది. నెత్తిన నిండు బిందె. ఆమె వెనక, తలకు గుడ్డ కట్టుకుని, ఇంకో బిందె భుజాన పెట్టుకుని ఓబులేషు. నేను కర్ర అందుకున్నాను.

"ఆగు సెట్టీ. నా కొడుకు చేసినదానికి కాదు ఈ నీళ్లు. దానికి నువ్వు కేసు పెట్టుకో" అంది ఆమె. "ఆ పెద్ద కరువులో మీ ఇంటామె మాకు రెండు బిందెలు బదులిచ్చిండాది. ఇన్నేండ్లూ తిరిగి ఇయ్యలేకపోతిమి."

ఓబులేషు నా వైపు చూడలేదు. "యాడ పోయాల?" అని పద్మప్రియను అడిగాడు.

ఆ పిల్ల తొక్కుడుపడి వంగిన నేరేడు మొక్కను చూపింది. అతను కూర్చుని, మొక్కను ఒక చేత్తో నిలబెట్టి, నిదానంగా పోశాడు. హనుమంతమ్మ రెండో బిందెను పక్క మొక్కలకు పంచి, ఖాళీ బిందెను బోర్లించింది.

"బదులు తీరిపాయ సెట్టీ" అంది.