ఝాన్సీ కట్టిన ఎర

పెళ్లయిన నెలకే ఝాన్సీలక్ష్మి చదువుకని కెనడాలోని కేంబ్రిడ్జ్ వచ్చేసింది. ఊళ్లో బేస్‌మెంట్లన్నీ స్టూడెంట్లతో కిక్కిరిసిన ఏడాది అది. వెనకాలే వస్తానన్న భర్త కిరీటికి వీసా రాలేదు. మళ్లీ అప్లై చేశారు. ఎదురుచూపులతో ఫోన్ వదలని ఆ పిల్లను ఒక ఆదివారం ఇంటి ఓనరు రామ్మోహన్ గారు తన బల్ల దగ్గరికి పిలిచారు. ఆయన రిటైరైన డాక్టరు. సాల్మన్ చేపల గాలాలకు రంగురంగుల ఈకలతో పాతకాలపు ఎరలు కట్టడం ఆయన సరదా.

"చేతులకు పని చెప్పమ్మా, మనసు కాసేపు ఊరుకుంటుంది."

ఝాన్సీ కొక్కేనికి పట్టుదారం చుట్టింది, దానిమీద వెండిజరీ తిప్పింది. ఎరకు రెక్క పెట్టే దగ్గరే చిక్కొచ్చింది. ఎరుపు, పసుపు, నీలం ఈకల్లోంచి సన్నటి పీలికలు తీసి, అంచులు కలిపి నిమిరితే ఒకే ఈకలా అతుక్కోవాలి. ఆమెవి విడిపోతున్నాయి.

"ఒకటి పక్షి ఎడమ రెక్కది, ఒకటి కుడిది తీసుకున్నావు. ఒకే వైపువైతేనే కలుస్తాయి," అన్నారాయన.

వారాల తరబడి కట్టి, విప్పి, కడితే చివరికి ఒకటి కుదిరింది. కాస్త వంకరే, అయినా కళ్లు తిప్పుకోనివ్వలేదు. ఆ సాయంత్రమే కిరీటి ఫోన్ చేశాడు. వీసా మళ్లీ రిజెక్ట్ అయింది. ఏదో ఒకటి అనాలని ఆమె ఎరను కెమెరాకు చూపించింది.

"భలే ఉందే! చేపలు పడతాయా?"

"దీన్నెవరూ నీళ్లలో వెయ్యరట. అద్దాల పెట్టెలో పెట్టి చూసుకుంటారట."

"నాకు నువ్వున్నట్టే," అన్నాడు కిరీటి నవ్వబోయి. నవ్వు రాలేదు.

తర్వాతి ఆదివారం ఆమె, "అంకుల్, దీన్ని రివర్‌లో వేద్దాం," అంది.

"పాడైపోతుందమ్మా! ఎంత కష్టపడ్డావు!"

"పాడవనీండి."

గ్రాండ్ నది ఒడ్డున ఆయన విసరడం చూపించి, రాడ్ ఆమె చేతికిచ్చారు. ఎర నీటి కింద ఒక్కసారి తళుక్కుమంది. లాగితే తడిసి ముద్దయి వచ్చింది. చేపా లేదు, గీపా లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఝాన్సీ నిలబడిపోయింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కిరీటి చెయ్యి ఎంత వెచ్చగా ఉండేదో గుర్తుచేసుకోబోయింది. గుర్తురాలేదు.

తిరిగొస్తూ కారులోంచే అతనికి ఫోన్ చేసింది.

"సెమ్ బ్రేక్‌కి నేనే వస్తున్నా. పార్ట్‌టైమ్ జాబ్ పోతే పోనీ."

రామ్మోహన్ గారు రేడియో కట్టేశారు.

"ఎయిర్‌పోర్టుకి ఎన్నింటికి రమ్మంటావ్?" అన్నాడు కిరీటి, బ్రేక్‌కి ఇంకా రెండు నెలలుందని మరిచిపోయి.