వేదికకు కట్టిన తాడు

"అక్కా, తాడేది?" అన్నాడు తమ్ముడు చొక్కా విప్పుతూ.

అక్క రోడ్డు అవతలికి చూపించింది. 'పౌరులారా, మీ బాధ్యత తెలుసుకోండి' అన్న బ్యానరును వేదిక స్తంభాలకు బిగించి కట్టింది వాళ్ల తాడుతోనే. మేస్త్రీ పొద్దున్నే పట్టుకుపోయాడు. అడిగితే, "సభయ్యాక ఇస్తాలే, అరిగిపోతుందా?" అన్నాడు.

ఈ పని తెలియనివాళ్లకు ఒక్క మాట. మురుగు గుంటలోకి దిగేవాడి నడుముకు తాడు కడతారు. రెండో కొస పైనున్న మనిషి చేతిలో ఉంటుంది. లోపల గాలి విషమైతే దిగినవాడు అరవలేడు, తాడు గుంజుతాడు. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది అక్కే. వాడు దిగిన ప్రతిసారీ తాడు పట్టుకున్నదీ అక్కే.

"తాడు లేకుండా వాడు దిగడు," అంది మేస్త్రీతో.

"మురుగు వేదిక కిందికొచ్చేస్తోంది. పెద్దాఫీసరు వచ్చే వేళ! దిగకపోతే రేపట్నుంచి ఇద్దరూ పనికి రాకండి."

తమ్ముడు నవ్వాడు. "పోనీలే అక్కా, ఇలా దిగి అలా వచ్చేస్తా. నీ సణుగుడు కంటే లోపలే నయం."

దిగాడు.

అవతల మైకు గరగరలాడింది. హక్కులు అడిగే ముందు విధులు గుర్తుంచుకోమన్నాడు పెద్దాఫీసరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా! ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే చెప్పాడు.

"ఒరేయ్!" అని గుంటలోకి కేకేసింది అక్క. జవాబు లేదు. "ఒరేయ్ తమ్ముడూ!" నీళ్లు కూడా కదల్లేదు. గుంజడానికి ఆమె చేతిలో ఏమీ లేదు.

వేదిక వైపు పరిగెత్తింది. కుర్చీలు తోసుకుంటూ వేదికెక్కి, పళ్లతో ముడులు విప్పింది. బ్యానరు ఊడి పెద్దాఫీసరు నెత్తిన పడింది. "పట్టుకోండి దాన్ని!" అన్నారెవరో. పోలీసు రెక్క పట్టుకుంటే విదిలించుకుని తాడుతో వచ్చేసింది.

తోటి పనివాడు బండోడు ఆ తాడు నడుముకు కట్టుకుని, తడిగుడ్డ మూతికి చుట్టుకుని దిగాడు. సభకు తోలుకొచ్చిన కాలేజీ పిల్లలు కూడా వచ్చి తాడందుకున్నారు. ఇద్దర్నీ పైకి లాగారు. బండోడు దగ్గాడు. తమ్ముడు దగ్గలేదు.

అక్క కొంగుతో వాడి ముఖం తుడిచింది. "నేను వదల్లేదురా నాయనా! నా చేతికివ్వలేదురా!" అని గుండెలు బాదుకుంది.

పెద్దాఫీసరు వచ్చాడు. "పాపం, జరగకూడనిది జరిగింది. కానీ సభ చెడగొట్టడం నేరం. ముందు ఆ మురుగు ఆపండి. ఊరికి జబ్బులొస్తే ఎవరిది బాధ్యత?"

"మురుగు తీసే మిషనుంది కద సార్," అన్నాడు బండోడు, రొప్పుతూ. "షెడ్డులో తుప్పు పడుతోంది. అది రావాలి. అంతవరకూ మాలో ఒక్కడూ దిగడు."

"పౌరులై ఉండి అలా మాట్లాడతారా?"

"మరి వాడు పౌరుడు కాదా?" అంది ఒక కాలేజీ పిల్ల, ముందుకొచ్చి. "ఇన్నాళ్లూ మా ఇంటి మురుగు ఎవరు తీస్తున్నారో మేమూ అడగలేదు. అది మా తప్పే. ఇవాళ అడుగుతున్నాం."

"వీళ్లని లోపలెయ్యండి!"

పోలీసులు ముందుకు రాగానే అక్క లేచింది. ఏడుపు ఆగిపోయింది. బండోడి నడుముకున్న తాడు విప్పి, ఆ కొస పెద్దాఫీసరు ముందు చాచింది.

"దిగండి సార్. ఊరు శుభ్రంగా ఉండాలన్నారుగా. మీరు దిగండి, తాడు నేను పట్టుకుంటా."

ఆయన వెనక్కి తగ్గాడు. కాలు మురుగులో పడింది. కాలేజీ పిల్లలు ఆమె వెనకాల తాడందుకున్నారు. మూతలెత్తేవాళ్లు, బండ్లు తోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు పట్టుకున్నారు. వీధంతా బారుగా నిలబడింది.

"భయపడకండి సార్," అంది అక్క. "మేం వదిలేవాళ్లం కాదు."