ఆగినట్టు కనిపించిన చక్రం

పంతొమ్మిది వందల అరవై నాలుగులో, విడవలూరు బియ్యం మిల్లులో మాల్యాద్రి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. పొద్దుగూకే వేళ, పక్క యంత్రాల హోరులో ఏది ఆడుతోందో ఏది ఆగిందో చెవికి తెలియదు. బెల్టు జారిందేమో చూద్దామని దాన్ని తిప్పే చక్రానికి ఊచల్లా ఉండే ఆకుల మధ్య చెయ్యి పెట్టాడు.

"చక్రం ఆగుండింది. నా కళ్ళతో చూసినాను," అన్నాడు ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే.

ఎవరూ నమ్మలేదు. తాగుంటాడన్నారు కొందరు, కునుకు తీసుంటాడన్నారు కొందరు. భార్య కామమ్మ పైకి ఏమీ అనలేదు గానీ ఆమెకూ లోపల అనుమానమే. చెప్పి చెప్పి, వానలు మొదలయ్యేసరికి మాల్యాద్రి చెప్పడమే మానేశాడు. పగలంతా గోడకు తిరిగి పడుకునేవాడు.

ఇల్లు గడవాలి గనక కామమ్మ అదే మిల్లులో తవుడెత్తే పనికి కుదిరింది. ఒకనాడు మబ్బు పట్టి పెందలాడే చీకటైంది. ఆ ఏడే కొత్తగా బిగించిన, మాల్యాద్రి చెయ్యి పోయిన సాయంత్రమూ వెలుగుతుండిన ట్యూబులైటు వేశారు. తలెత్తిన కామమ్మకు చక్రం ఆకులన్నీ విడివిడిగా, కదలక మెదలక కనిపించాయి. చూస్తుండగానే మెల్లగా వెనక్కి తిరగసాగాయి. బెల్టు మాత్రం రివ్వున ముందుకే పోతోంది. చేతిలోని చీపురును లోపలికి జొనిపింది. ఫట్‌మని చీపురు తునకలై ఎగిరిపోయింది.

కరెంటు పని చేసే కామాక్షయ్య పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని, చక్రం వంకా లైటు వంకా మార్చి మార్చి చూశాడు.

"ఈ లైటు నిలకడగా వెలగదమ్మా. సెకనుకు నూరుసార్లు ఆరి వెలుగుతుంది, మన కంటికి తెలీదు. వెలిగినప్పుడల్లా ఒక ఆకున్న చోటికే ఇంకో ఆకు వచ్చిందంటే చక్రం ఆగినట్టే ఉంటుంది. ఆ చోటికి కొంచెం వెనకుండగా వెలిగితే వెనక్కి తిరిగినట్టుంటుంది. ఇన్నాళ్ళూ నాకూ తట్టలేదు."

మర్నాడు సాయంత్రం కామమ్మ మొగుణ్ణి బతిమాలి మిల్లుకు తీసుకొచ్చింది.

"ఎందుకు మే? నాకు కునుకే పట్టింటుంది. అందరూ అంటుంటే నేనూ అదే అనుకుంటుండా," అంటూనే వచ్చాడు.

లైటు వేశారు. మాల్యాద్రి చాలాసేపు చూసి, తవుడు బస్తా మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నేను చెప్పింది నిజమే గదా."

"నిజమే మామా."

"ఆ పొద్దు నువ్వు గూడా నమ్మలేదు గదా?"

కామాక్షయ్య నిచ్చెనెక్కి ట్యూబు విప్పుతున్నాడు. మాల్యాద్రి లేచి, ఆసరాకని కామమ్మ చాచిన చెయ్యి తప్పించుకుని, ఒక్కడే ఇంటిదారి పట్టాడు.