పసుపు పట్టిన తెల్ల కారు

శనివారం పొద్దున అహరోను కారు కడగడం మొదలుపెడితే, సుల్తానాబాద్‌లోని ఆ గల్లీలో పని మానుకుని చూసేవాడు మల్లేష్ ఒక్కడే. మిగతావాళ్లకు అదొక పిచ్చి. కారన్నాక నాలుగు చెంబులు కుమ్మరించి పాత లుంగీతో తుడిచేయాలి గానీ, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు పూటంతా కడుగుతారా ఎవరైనా అని నవ్వుకునేవారు. నవ్వేవాళ్ల బండ్లు చూడాలి మరి. బోరు నీళ్ల మచ్చలతో, గుడ్డతో గీరిన గీతలతో, కొన్న ఏడాదికే ముసలివైపోయాయి.

అహరోను బస్సు డ్రైవరుగా రిటైరైనవాడు. ఉద్యోగమంతా దుమ్ము పట్టిన బస్సులు నడిపి నడిపి, తనకంటూ కారు కొనుక్కునే రోజు వచ్చేసరికి తెల్లదే కావాలని పట్టుబట్టాడు. తెల్లరంగు మురికిని దాచదు, అదే దాని మంచి గుణం అనేవాడు. ఆయన ఇంటికీ మల్లేష్ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. మల్లేష్ తల్లి లింగవ్వ ఆయన్ను అన్నా అని పిలిచేది, ఆ వరసన మల్లేష్‌కు ఆయన మామ. వాళ్లు చర్చికి వెళ్తారు, వీళ్లు గుడికి వెళ్తారు, వరసలు మాత్రం ఎప్పటి నుంచో అలాగే నడుస్తున్నాయి.

ఎరువుల దుకాణం తాళం తీయడం ఆలస్యమైనా సరే, మల్లేష్ గోడ మీద మోచేతులు ఆనించి నిలబడేవాడు. అహరోను ముందు ఒట్టి నీళ్లతో పైనుంచి కిందికి దుమ్మంతా జారిపోయేలా తడిపేవాడు. దుమ్ము ఉండగా రుద్దితే అది ఇసుక కాగితంతో రుద్దినట్టేనట. టైర్లకు వేరే బకెట్టు, వేరే బ్రష్షు, వాటి నీళ్ల చుక్క కారు ఒంటికి తగలనిచ్చేవాడు కాదు. ఒంటికి రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నురుగు, రెండోదాంట్లో మంచి నీళ్లు. చేతికి కుచ్చుల తొడుగు వేసుకుని, నురుగులో ముంచి, కప్పు మీద నుంచి మొదలుపెట్టి, రుద్దిన ప్రతిసారీ తొడుగును మంచి నీళ్లలో జాడించి మళ్లీ నురుగులో ముంచేవాడు. సున్నాలు చుట్టకుండా చెయ్యి తిన్నగా పోయేది, తిన్నగా వచ్చేది. చివరి కడుగుకు బోరు నీళ్లు పనికిరావు, డ్రమ్ములో పట్టి ఉంచిన నల్లా నీళ్లే కావాలి. ఆ తర్వాత మెత్తటి తువ్వాలు పరిచి అద్దడమే, తుడవడం ఉండదు. అంతా అయ్యాక ఆ తెల్లదనం మీద మబ్బులు కనబడేవి. అది చూసినప్పుడల్లా మల్లేష్‌కు కడుపు నిండినట్టుండేది. మనిషి చేతిలో పని అంత ముద్దుగా ఉండగలదని ఆయన్ను చూశాకే అతనికి తెలిసింది.

ఇంకొక సంగతి ఉంది, అది వింటే నవ్వేవాళ్లకు ఇంకా నవ్వొచ్చేది. కరీంనగర్ పాత సామాన్ల దుకాణం నుంచి అహరోను ఒక విరిగిన కారు తలుపు తెచ్చుకున్నాడు. అదీ తెల్లదే. ఏ కొత్త షాంపూ తెచ్చినా, ఏ మైనం డబ్బా తెచ్చినా ముందు ఆ తలుపు మీదే ప్రయోగం. వానకూ ఎండకూ వదిలేసి, వారాలు చూసి, తలుపు సరేనంటేనే కారు దగ్గరికి రానిచ్చేవాడు. పెద్ద పెద్ద బొమ్మలేసిన డబ్బాలు ఎన్నో ఆ తలుపు దగ్గరే ఓడిపోయాయి. మగ్దలేనమ్మ, ఆయన భార్య, పెళ్లిచూపుల్లో కూడా నన్నింత పరీక్ష చెయ్యలేదని వాపోయేది.

ఆ కారును ఇంకొకరి చెయ్యి ముట్టిన పాపాన పోలేదు. సొంత అల్లుడు పండక్కి వచ్చి సాయం పడతానంటే ఛాయ్ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఒక్కసారి ఆ తొడుగు నా చేతికిస్తే బాగుండునని మల్లేష్‌కు లోపల ఎంతో ఉండేది. అడగడానికి నోరు రాలేదు.

మాఘమాసంలో మల్లేష్ చెల్లెలు భవ్యశ్రీ పెళ్లి. తండ్రి లేని ఇల్లు, బరువంతా మల్లేష్‌దే. అప్పగింతలప్పుడు అమ్మాయినీ అల్లుణ్ణీ అత్తారి ఊరు ధర్మపురికి తీసుకెళ్లాల్సిన కారు, సరిగ్గా ఆ పొద్దునే చెడిపోయి మొరాయించింది. మల్లేష్ ఫోను చెవికి పెట్టుకుని పందిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, ఎవరూ అడగకముందే అహరోను వచ్చి జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"పరేషాన్ గాకు. ఎట్ల ఇస్తున్ననో గట్ల తీస్కరా," అన్నాడు.

ఆయనా మగ్దలేనమ్మా అక్షింతలు వేసి, కరీంనగర్‌లో ఉన్న బిడ్డ ఇంటికి బస్సెక్కి పోయారు. సొంత కారు ఇచ్చి తాము బస్సులో పోయారని లింగవ్వకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ కళ్లనీళ్లతోనే ఆమె చెయ్యాల్సింది చేసేసింది. గిన్నెలో పసుపు, నూనె కలిపి, అరచెయ్యంతా ముంచి, కారు బానెట్ నడిమధ్యన ముద్ర వేసింది. చిన్న బొట్టు పెట్టి ఊరుకుంటే లింగవ్వ ఎందుకవుతుంది? అయిదు వేళ్లూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి. పైగా అందరూ వినేలా ఒక మాట అంది.

"పిల్ల పదారు రోజుల పండుగకు మల్ల మన ఇంటికొచ్చేదాంక, గీ పసుపు ఎవ్వలు తుడ్వద్దు. తుడిస్తె నా బిడ్డకు మంచిది గాదు."

మల్లేష్‌కు అహరోను మాట గుర్తొచ్చింది. అమ్మ మాటకు అడ్డు చెప్పే సమయమా అది? కారు తీశాడు.

మర్నాడు ధర్మపురి నుంచి తిరిగొచ్చి తన వాకిట్లో కారు ఆపి చూసుకుంటే ఏడుపొక్కటే తక్కువ. దారంతా లేచిన దుమ్ము, అద్దాల మీద పురుగులు, పూలదండలు అంటించిన టేపుల జిగురు, నడుమ తల్లి అరచెయ్యి. మరునాడు పొద్దున్నే అహరోను వస్తాడు. ఎట్ల ఇస్తున్ననో గట్ల అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. కారు తెల్లగా అప్పగించకపోతే ఆ మనిషి మొహం ఎలా చూడాలి? పసుపు తుడిస్తే తల్లి మొహం ఎలా చూడాలి?

ముందు పసుపు జోలికి పోకుండా మిగతాదంతా కడిగాడు. అహరోను షెడ్డుకు తాళం ఉంది, షాంపూ అందులోనే ఉండిపోయింది. ఉన్నవాటితోనే, ఇన్నేళ్లు గోడ మీద నుంచి చూసింది చూసినట్టు చేశాడు. దుమ్ము జారనిచ్చాడు, టైర్లకు వేరే బకెట్టు పెట్టాడు, కప్పు మీద నుంచి దిగాడు, సున్నాలు చుట్టలేదు. టేపుల జిగురుకు కొబ్బరినూనె రాసి కాసేపు నాననిస్తే అదే జారింది. చుట్టూ కారు మెరిసేకొద్దీ నడుమ ఆ చెయ్యి మరీ పచ్చగా కనబడసాగింది.

శనివారం పొద్దున లింగవ్వ గల్లీలో పెళ్లి లడ్డూలు పంచడానికి బయల్దేరింది. మల్లేష్‌కు బుద్ధి అక్కడే గడ్డి తిన్నది. ఒక్క వేలి ముద్రనైనా తగ్గించి చూద్దామని గుడ్డ తడిపి, బట్టల సబ్బు రాసి, బొటనవేలి గుర్తు మీద అద్దాడు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో, పెళ్లి చీరలు ఉతికిన ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. మల్లేష్ చీరలు ఉతికిన పాపాన పోలేదు. చూస్తుండగానే పచ్చటి వేలు ఎర్రబారింది. కంగారులో నురుగు చెదిరి, చెయ్యంతా పాకి, మొత్తం రక్తంలా ఎర్రగా మారి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే లింగవ్వ తిరిగొచ్చింది. గుడ్డను వీపు వెనక దాచుకున్న కొడుకును ఆమె చూడలేదు. పసుపు పెట్టిన చోట కుంకుమ వెలిసింది, అదొక్కటే చూసింది. లడ్డూల గిన్నె అరుగు మీద పెట్టి రెండు చేతులూ జోడించింది. నా బిడ్డ పసుపు కుంకుమలతో సల్లగుంటది, అమ్మోరు తల్లే చూపెట్టింది అంటూ గల్లీకంతా కబురు పెట్టింది. నిమిషాల్లో ఆడవాళ్లు మూగారు. శంకరవ్వ రెండు బంతిపూలు తెచ్చి వైపరుకు గుచ్చింది, మమతారాణి ఫోనులో ఫొటో తీసుకుంది. మల్లేష్ గుడ్డను వెనకాలే పట్టుకుని నిలబడ్డాడు. నిజం చెబితే తల్లి నలుగురిలో చిన్నబోతుంది, చెప్పకపోతే ఆ ఎరుపు అక్కడే ఎండి కూర్చుంటుంది.

ఆ గుంపు పక్కనే ఆటో ఆగింది. అహరోను దిగాడు, వెనకాల మగ్దలేనమ్మ దిగింది. ఆడవాళ్లు దారిచ్చారు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. కప్పు చూశాడు, అద్దాల అంచులు చూశాడు, వంగి టైర్లు చూశాడు. చివరికి బానెట్ ముందు నిలబడి, వాసన పీల్చి, మల్లేష్ చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"బట్టల సబ్బా?"

మల్లేష్ తలవంచుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, తల్లి వైపు తిరిగి, అందరి ముందే చెప్పేశాడు. "అవ్వా, గది కుంకుమ గాదే. నేనే తుడ్వబోయిన. సబ్బు తాకి ఎర్రగైంది. మామకు కారు ఖరాబు చేసి ఇయ్యలేక గిట్ల చేసిన."

లింగవ్వ కొడుకును తిట్టలేదు, అదే అతనికి మరీ కష్టమనిపించింది. నా బిడ్డ పసుపు తుడ్వబుద్ధైందా నీకు అని ఒక్క మాట అని అరుగు మీద కూలబడింది.

అహరోను ఏమీ వినబడనట్టు తన షెడ్డు తెరిచాడు. డ్రమ్ములోంచి నల్లా నీళ్లు చెంబుతో ముంచి, చెయ్యి ఆనించకుండా, బానెట్ మీద సన్నగా ధార పోశాడు. సబ్బు జారిపోయేకొద్దీ ఎరుపు విరిగి, కిందనున్న పచ్చటి చెయ్యి మళ్లీ బయటపడింది. వేళ్లు అయిదూ చెక్కుచెదరలేదు. లింగవ్వ లేచి నిలబడింది.

"సెల్లె, పసుపు జరంత ఉంటె ఇయ్యి," అన్నాడు అహరోను.

ఆమె నూనె కలిపిన గిన్నె తెచ్చింది. ఆయన షెడ్డులోంచి ఆ విరిగిన తలుపు మోసుకొచ్చి వాకిట్లో గోడకు ఆనించి, దాని మీద పసుపు అడ్డంగా పూశాడు. సగం మీద అట్టముక్క కప్పి ఎండలో వదిలేసి, కూర్చోండి ఛాయ్ తాగుదాం అన్నాడు. తలుపుకు కూడా పూజ చేస్తున్నాడు కాబోలనుకుని శంకరవ్వ దండం పెట్టబోయి ఆగింది. మగ్దలేనమ్మకు నవ్వాగలేదు.

మధ్యాహ్నం దాటాక అట్ట తీసి చూస్తే, కప్పిన సగం పచ్చగానే ఉంది, ఎండ తగిలిన సగం వెలిసిపోయి పాలిపోయింది.

"చూసినవా సెల్లె," అన్నాడాయన. "దీన్ని ఎవ్వలు తుడ్వద్దు. నేను గూడ తుడ్వ. సూర్యుడే జరంత జరంత తీస్కపోతడు. నీ మాట నిలవడతది, నా కారు నిలవడతది."

లింగవ్వ ఆకాశం వైపోసారి చూసింది. సూర్యుడు తీసుకుపోతానంటే ఆమెకు అభ్యంతరం ఏముంటుంది?

ఎండ పొడ తగలకుండా రేకుల షెడ్డులో దాచుకున్న కారును, ఆ రోజు నుంచి అహరోను నడి వాకిట్లో ఎండకు నిలబెట్టాడు. ఆదివారం దానిలోనే చర్చికి వెళ్లాడు. బానెట్ మీద అయిదు వేళ్ల పసుపు వేసుకుని ఆవరణలోకి వస్తుంటే సంఘమంతా తిరిగి చూసిందట. బయటే ఆపుకుందాం అని మగ్దలేనమ్మ గొణిగితే, ఎప్పుడూ ఆపే చోటే ఆపాడట. ఎవరో పెద్దమనిషి ఇదేంటని అడిగితే, "మా మేనకోడలి పెండ్లి పసుపు" అని చెప్పి లోపలికి పోయాడట. ఈ మాట మగ్దలేనమ్మ గోడ మీద నుంచి చెబుతుంటే మల్లేష్ వాకిట్లోని కారు వైపు చూశాడు. అంతవరకూ ఆ మనిషి చేతి పనిని మెచ్చుకున్నాడు. అంత శుభ్రం పిచ్చి ఉన్నవాడు, ఇంకొకరి ఆశ కోసం అంత మరక మోసుకుని నలుగురిలోకి నడిచి వెళ్లడం ఎంత పెద్ద సంగతో ఇప్పుడు అర్థమైంది.

తర్వాతి శనివారం మల్లేష్ ఎప్పటిలాగే గోడకు మోచేతులు ఆనించాడు. అహరోను టైర్లు కడిగి, చేతులు తుడుచుకుని, తొడుగు ఎక్కించుకోబోయి ఆగాడు. గోడ దగ్గరికి వచ్చి దాన్ని మల్లేష్‌కు అందించాడు.

"టేపుల జిగురు మంచిగ తీసినవ్. ఒక్క గీత వడలే," అన్నాడు. "దా, కప్పు మీదికెళ్లి మొదలువెట్టు. పసుపు దిక్కు పోకు."

మల్లేష్ గోడ దూకాడు. తొడుగు చేతికెక్కించుకుంటే లోపల ఇంకా ఆయన చేతి వెచ్చదనం ఉంది.

పదహారు రోజుల పండుగకు భవ్యశ్రీనీ అల్లుణ్ణీ తీసుకురావడానికి అహరోను స్వయంగా బండి తీశాడు. వాళ్లు వచ్చి వాకిట్లో దిగేసరికి బానెట్ మీద పసుపు ఉన్న చోటు తెలిసిన కళ్లకే తెలిసేది, మిగతావాళ్లకు ఒట్టి తెలుపే. లింగవ్వ బిడ్డను కావలించుకుని, బిడ్డ ఒళ్లూ మొహమూ తడిమి, ఆ తర్వాత కారు వైపు తిరిగింది. ఆమె చేతిలో మళ్లీ పసుపు గిన్నె ఉంది. అరచెయ్యి అప్పటికే ముంచేసింది.

మల్లేష్ ముందుకు ఉరికాడు. అడ్డం పడబోయాడు. లింగవ్వ కూడా బానెట్ దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు, చెయ్యి గాల్లోనే ఆపేసింది. ఎక్కడ పెట్టాలో తెలియక అన్న మొహంలోకి చూసింది.

అహరోను దగ్గరికి వచ్చాడు. జేబురుమాలు తీసి, ముందు అద్దం మీద, డ్రైవరు చూపుకు అడ్డం రాని మూలన, ఉండీ లేని దుమ్మును శ్రద్ధగా తుడిచాడు.

"గీడ వెట్టు సెల్లె," అన్నాడు. "అద్దానికైతె మరక వట్టది. ఎన్నిసార్లయిన వెట్టొచ్చు."